గోడ వైపు వాటం

ముందుగా నన్ను క్షమించాలి. నాకు అక్షరాలు వచ్చింది అరవై దాటాక. ఒత్తు ఒకచోట పెట్టబోయి ఇంకోచోట పెడతాను. ఒక్కో మాట రాసి, పైకి చదువుకుని, మళ్లీ కొట్టేస్తాను. ఈ నాలుగు కాగితాలకు పదిహేను రోజులు పట్టింది. తప్పులుంటే దిద్దుకుని చదవండి. జరిగింది మాత్రం జరిగినట్టే రాశాను.

మా ఆయన మేస్త్రీ. ఇళ్లు కట్టే మేస్త్రీ కాదు, నీళ్ల తొట్లు కట్టే మేస్త్రీ. పశువుల కోసం, తోటల కోసం, రంగులద్దే కార్ఖానాల కోసం పెద్ద పెద్ద తొట్లు కట్టేవాడు. గోడలు ఆయనవి, అడుగు నాది. అడుగున బంకమట్టి పరిచి, నీళ్లు చల్లి, దిమ్మిస కొట్టేదాన్ని. దిమ్మిస అంటే నిలువు కర్రకు కింద బరువైన ఇనప దిమ్మ ఉంటుంది. దాన్ని ఎత్తి నేల మీద వేయాలి, మళ్లీ ఎత్తాలి, మళ్లీ వేయాలి. ముప్పై ఏళ్లు అదే పని. అందుకే వీధిలో అందరూ నన్ను దిమ్మిసమ్మ అంటారు. అసలు పేరు నాకే అప్పుడప్పుడు గుర్తుండదు.

ఆయన పోయాక నేనూ మా ఆడపడుచూ ఒక అద్దె ఇంట్లో ఉంటున్నాం. ఆమె పెళ్లి చేసుకోలేదు. బేకరీలో పని. తెల్లవారకుండానే వెళ్లి మధ్యాహ్నానికి వస్తుంది. నోరు కొంచెం పెద్దది. నాకు అలవాటైపోయింది.

పొద్దున్న లేచి ఏం చేయాలో తోచని రోజుల్లో నాలుగు కోడిపిల్లలు తెచ్చుకున్నాను. అవి ఎనిమిదయ్యాయి. పెరట్లో ఆరడుగుల ఎత్తున వల కట్టి, ఒక మూల చిన్న గూడు పెట్టి, మిగతాది అవి తిరగడానికి వదిలాను. ఇంటి యజమాని ఒకటే మాట చెప్పాడు. "కోళ్ల వల్ల పక్కవాళ్ల నుంచి ఒక్క ఫిర్యాదు వచ్చినా తీసేయాలమ్మా. రెండోసారి చెప్పను." సరేనన్నాను. ఆ మాట నా చెవిలో అలాగే ఉండిపోయింది.

పక్కవాళ్లంటే టైలరు, ఆయన తల్లి. ఆమె బడిలో టీచరుగా చేసి మానేసింది. రెండేళ్లుగా కాళ్లు పనిచేయవు. మంచం మీదే ఉంటుంది. వాళ్ల వెనక గదికీ మా పెరటికీ మధ్య ఒకే గోడ. మట్టితో పేర్చిన ఇటుక గోడ. అటు వైపు సున్నం పూత, ఇటు వైపు ఏమీ లేదు. గది పైన రేకులు గోడ మీద కాదు, గుంజల మీద నిలబడ్డాయి. గోడ చల్లగా ఉంటుందని టీచరమ్మ మంచం దాన్ని ఆనుకునే వేయించుకుంది. నాకు అక్షరాలు నేర్పింది ఆమే. రోజూ మధ్యాహ్నం ఒక గుడ్డు పట్టుకుని వెళ్లేదాన్ని. ఆ మంచం పక్కనే పీట వేసుకుని పలక పట్టేదాన్ని. నాకంటే పదిహేనేళ్లు పెద్దది. నన్ను "పిల్లా" అనేది. అరవై రెండేళ్లకు నన్ను పిల్లా అన్నది ఆమె ఒక్కతే.

ఈ ఏడు వానలు ముందే మొదలయ్యాయి. మా పెరడంతా జిగట మట్టి. వారం తిరక్కుండానే కోళ్లు తిరిగే చోటు బురద గుంట అయిపోయింది. బూడిద చల్లాను, మింగేసింది. ఊక పోశాను, రెండు రోజులకు కుళ్లి కంపు కొట్టింది. మూడు బుట్టల ఇసుక పోస్తే ఎటు పోయిందో కూడా తెలియలేదు. కోళ్ల వేళ్లకు మట్టి ఉండలు కట్టి, ఎండి, గట్టిపడ్డాయి. వాటితో టక్కుటక్కుమని నడిచేవి.

"వదినా, నీ కోళ్లు బూట్లు వేసుకున్నాయే!" అంది ఆడపడుచు. "వీటిని కూడా బడిలో వేస్తున్నావా? ఇంట్లో ఒకతి చదువుతోంది చాలదూ?"

"ముందు గోరువెచ్చటి నీళ్లు పట్రా. నవ్వడం తర్వాత."

ఒక్కో కోడినీ ఒళ్లో పెట్టుకుని కాళ్లు నానబెట్టి ఉండలు తీశాను. మెడ మీద ఈకలు లేని దానికి పాదం కింద కురుపు లేచింది. ఎర్రగా, మధ్యలో నల్ల చుక్కతో. కిందపెడితే ఒంటికాలి మీద నిలబడింది. తడి నేలే దీనికి కారణమనుకున్నాను. నేల మెత్తగా ఉంది కాబట్టి తడి పట్టుకుంటోంది, గట్టిగా ఉంటే పట్టుకోదు. నాకు తోచింది అంతే. గట్టి నేల ఎలా చేయాలో నాకంటే తెలిసినవాళ్లు ఎవరున్నారు?

వాన తెరిపి ఇచ్చిన రెండు రోజుల్లో అటక మీది దిమ్మిస దింపాను. రెండు పూటలూ కొట్టాను. భుజాలు పడిపోయాయి కానీ చెయ్యి పని మరచిపోలేదు. నీళ్లు ఒకవైపు వెళ్లేలా వాటం కూడా ఇచ్చాను. ఇటు వైపు మా వంటింటి గుమ్మం ఉంది. గుమ్మంలోకి నీళ్లు రాకూడదు కదా, అందుకని అటు వైపు, గోడ వైపు ఇచ్చాను. పని అయ్యాక నేల పలకలా మెరిసింది.

"దీని మీద విస్తరి వేసుకుని కూర్చోవచ్చు వదినా," అంది ఆడపడుచు. ఆమె నన్ను మెచ్చుకోవడం అరుదు. నేను పొంగిపోయాను.

మర్నాడు పట్టిన వాన మూడు రోజులు విడవలేదు. నేల కరగలేదు. కాలు దిగబడలేదు. నీళ్లు మాత్రం నేను ఇచ్చిన వాటం పట్టుకుని బుద్ధిగా వెళ్లి గోడ మొదట్లో నిలిచాయి. మొదటిరోజు జానెడు వెడల్పు. మూడో రోజుకు మూరెడు. చెంబుతో తోడి బకెట్టుకెత్తి వీధి కాలవలో పోసేదాన్ని. వెనక్కి వచ్చేసరికి మళ్లీ అంతే ఉండేవి. కోళ్లు గూటి కర్ర మీద వరసగా కూర్చుని, నీళ్లకేసి చూసి, నాకేసి చూసేవి.

గోడ మీద తడి మోకాలి ఎత్తుకు ఎక్కింది. ఆ తడి గీత కిందే పగులు చూశాను. వాలుగా, మోచెయ్యంత పొడుగు. వెడల్పు గోరంచు పట్టేంత. అటు వైపు ఏముందో నాకు తెలుసు. సరిగ్గా అక్కడే టీచరమ్మ తలగడ.

మా ఆయన పాత గోడ చూడ్డానికి వెళ్తే ఒక పని చేసేవాడు. పగులుకు అడ్డంగా సున్నంతో బొట్లు పెట్టి వచ్చేవాడు. మర్నాడు బొట్టు చెక్కుచెదరకపోతే గోడ నిలబడి ఉన్నట్టు. బొట్టు చీలితే గోడ కదులుతున్నట్టు. నేనూ సున్నం కలిపి మూడు బొట్లు పెట్టాను. ఆ రోజంతా ఏదో ఒక వంక పెట్టుకుని పెరట్లోకి వెళ్లి వాటిని చూస్తూనే ఉన్నాను. సాయంత్రం దాకా మూడూ బాగానే ఉన్నాయి. పొద్దున్నకు పై బొట్టు మధ్యకు చీలింది.

నేనేం చేశానో రాయాలి. దాన్ని గోటితో గీకేసి, ఆ చోటే కొత్త బొట్టు పెట్టాను. చీలిన బొట్టు లేకపోతే చీలనట్టే అనుకున్నానేమో. టైలరుకు చెప్తే యజమానికి చెప్తాడు. యజమాని ఏమంటాడో ముందే అన్నాడు. రెండు రోజులు ఎండ కాస్తే గోడ ఆరిపోతుంది, ఎవరికీ చెప్పనక్కర్లేదు, అని నాకు నేనే చెప్పుకున్నాను.

మధ్యాహ్నం గుడ్డు తీసుకుని వెళ్లాను. అటు వైపు సున్నం పూత తెల్లగా, నున్నగా ఉంది. ఏమీ తెలియడం లేదు. అదే నాకు ఎక్కువ భయమేసింది. పీట మీద కూర్చున్నాను కానీ ముళ్ల మీద కూర్చున్నట్టే ఉంది. ఎక్కడైనా మట్టి రాలిన చప్పుడు వస్తుందేమోనని చెవులు అటే.

"పిల్లా, పాఠం పలక మీద ఉంది. గోడ మీద కాదు," అంది టీచరమ్మ.

"చూస్తున్నానండీ."

"ఏం చూస్తున్నావు? రాసిందాన్నే మూడుసార్లు రాశావు. ఒంట్లో బాగాలేదా?"

"వానకు కీళ్లు పట్టేశాయి."

"నాకు కాళ్లే లేవు, నేను రాయడం లేదూ?" అని నవ్వి, వెనక్కి వాలి, తల గోడకు ఆనించింది. నేను గబుక్కున లేచాను. ఎందుకు లేచావంటే కోళ్లకు మేత వేయాలన్నాను.

ఆ రాత్రి మళ్లీ వాన పడింది. మర్నాటికి రెండు బొట్లు చీలాయి. ఈసారి బొట్లు పెట్టలేదు. మట్టి, ఊక కలిపి పిసికి పగులు మొత్తానికి పూత వేశాను. మేస్త్రీ పెళ్లాన్ని, పూత వేయడం నాకు చేతకాకపోవడమేమిటి? ఎవరూ కనిపెట్టలేనంత బాగా వేశాను. బేకరీ నుంచి వచ్చిన ఆడపడుచు చూసి, "గోడకు కూడా మందు రాశావా?" అంది. తల ఊపాను. ఆ రోజు టీచరమ్మ దగ్గరికి వెళ్లలేదు. గుడ్డు ఆడపడుచు చేత పంపాను.

అదే రోజు పొద్దున్న వాన ఆగింది. నీళ్లు ఇంకడానికి కోళ్ల చోటు మధ్యలో ఒక గొయ్యి తవ్వుదామనుకున్నాను. గునపం వేస్తే రాయిని కొట్టినట్టు ఖంగుమంది. ఎలాగో జానెడు లోతు తవ్వాను. చుట్టూ ఉన్న నీళ్లు అందులోకి జారి గొయ్యి నిండింది. ఇక ఇంకుతుంది కదా అని గట్టు మీద కూర్చున్నాను. ఎంతవరకు తగ్గిందో తెలియాలని బొగ్గు ముక్కతో అంచున గీత పెట్టాను. మధ్యాహ్నం చూశాను. గీత దగ్గరే ఉన్నాయి. సాయంత్రం చూశాను. గీత దగ్గరే ఉన్నాయి.

అప్పుడు నాకు తెలిసింది. అలాంటి గీత నేను మొదటిసారి చూడడం కాదు. కొత్త తొట్టి అయిపోయాక మా ఆయన నీళ్లు నింపించి బొగ్గుతో గీత గీసేవాడు. పొద్దున్న గీసిన గీత దగ్గరే సాయంత్రం నీళ్లుంటే, "నీ అడుగు గెలిచింది," అని నాకేసి చూసి నవ్వేవాడు. నేను కోళ్లకు నేల చేయలేదు. తొట్టి కట్టాను. ముప్పై ఏళ్లు చేసిన పనే, ఒక్క చుక్క కిందికి పోకుండా చేశాను. కిందికి దారి లేని నీళ్లకు మిగిలిన దారి ఆ మట్టి గోడ ఒక్కటే. వాటం ఇచ్చి మరీ దాన్ని చూపించింది నేనే.

వాన తప్పు అనుకున్నంతసేపూ దాచడం ఒక రకం. ఇప్పుడు ఇంకో రకం.

పగులు చూసిన నాలుగో రోజు పొద్దున్నే గోడకు వేసిన పూత చూశాను. పూత మీదే కొత్త పగులు. ఈసారి వేలు పట్టింది. కొంగు నడుముకు చుట్టుకుని పక్కింటికి వెళ్లాను. టైలరు ముందు గదిలో మిషను దగ్గర ఉన్నాడు. ఇద్దరు ఆడవాళ్లు కొలతలు ఇస్తున్నారు. వాళ్ల ముందు చెప్పలేక నేరుగా వెనక గదిలోకి వెళ్లాను.

"టీచరమ్మా, మంచం ఆ కిటికీ పక్కకు జరుపుకోకూడదూ? గాలి బాగా వస్తుంది."

"గాలి వస్తే నాకు దగ్గు వస్తుంది. ఇక్కడే బాగుంది. గోడ చల్లగా ఉంది."

"వెలుతురు కూడా..."

"పిల్లా, నువ్వు నిన్న రాలేదు. ఇవాళ పొద్దున్నే వచ్చి నా మంచం జరపమంటున్నావు. పలక తేలేదు, గుడ్డూ తేలేదు. ఏమైంది?"

ఇంకా ఏదో వంక వెతికాను. ఒక్కటీ దొరకలేదు. చెప్పేశాను. నీళ్లు, పగులు, బొట్లు, పూత, అన్నీ. ఎన్ని రోజుల నుంచి అని ఆమె అడగలేదు, నేనే చెప్పాను. నాలుగు రోజులు అన్నాను. ఆమె తల గోడ మీంచి తీసి నిటారుగా కూర్చుంది. తర్వాత కొడుకును కేకేసింది.

టైలరు మెడలో టేపు వేసుకునే వచ్చాడు. విన్నాడు. మొహం తెల్లబోయింది.

"నాలుగు రోజులా? పిన్నీ, నాలుగు రోజులా? రోజూ వచ్చి ఇక్కడే కూర్చున్నావు కదా! ఈ మంచం పక్కనే!"

"కూర్చున్నాను బాబూ."

"కోళ్ల కోసమా? మా అమ్మ కంటే నీకు కోళ్లు ఎక్కువా?"

తల వంచుకున్నాను. ఆయన మంచం ఒక కోడు పట్టాడు, నేను ఇంకోటి పట్టబోయాను. "నువ్వు ముట్టుకోకు," అన్నాడు. ఆ కొలతలిస్తున్న ఆడవాళ్లే వచ్చి పట్టారు. టీచరమ్మ మంచంతో సహా ముందు గదిలోకి, మిషను పక్కకు వెళ్లింది.

మా ఆయన దగ్గర పని నేర్చుకున్న మేస్త్రీ ఒకడున్నాడు. కబురు పెడితే గంటలో వచ్చాడు. గోడ మొదట్లో బొటనవేలు పెట్టి నొక్కాడు. వేలు కణుపుదాకా దిగింది. కింది వరసల్లో ఇటుకల మధ్య మట్టి సబ్బులా అయిపోయింది. తర్వాత కోళ్ల చోటు చూశాడు. చెప్పు తీసి మడమతో కొట్టి చూశాడు.

"ఇక్కడ దిమ్మిస ఎవరు కొట్టారు?"

నేను చెయ్యెత్తాను.

"అక్కా, కోళ్లకు ఈత నేర్పిద్దామనుకున్నావా?" అన్నాడు. నవ్వబోయి నా మొహం చూసి ఆపేశాడు. "పని మాత్రం అన్నయ్య ఉన్నప్పటిలాగే ఉంది. వంక పెట్టడానికి లేదు."

ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది.

గోడ నిలబెట్టడం కుదరదు, పై నుంచి ఇటుకలు తీసుకుంటూ దించేయాలన్నాడు. మంచం ఖాళీ అయిన గదిలో గోడకు రెండు వాసాలు ఆన్చి పెట్టాడు. కోళ్లను బుట్ట కింద పెట్టి మా వంటింట్లోకి తెచ్చాం. మూడు వరసలు తీశాడో లేదో, గోడ నడుము పట్టేసినవాడిలా ఒక్కసారి వంగి కూర్చుండిపోయింది. పెద్ద చప్పుడు కూడా రాలేదు. తడి మూట కిందపడినట్టు వచ్చింది. పడింది అటు కాదు, ఇటు. మా వైపు, నీళ్లలో. కోళ్ల గూడు సగం దాని కింద పోయింది. నేను రోజూ గొంతుక్కూర్చుని నీళ్లు తోడే చోటు కనిపించలేదు.

దుమ్ము కూడా లేవలేదు, అంతా తడి. గోడ లేని ఆ ఖాళీలోంచి వాళ్ల గది, మా పెరడు ఒకటే అయిపోయాయి. ఆడపడుచు నా చెయ్యి పట్టుకుంది.

"వదినా, ఇటే పడింది. చూశావా, ఇటే పడింది. టీచరమ్మకు ఏమీ అయ్యేది కాదు. నువ్వు ఊరికే నాలుగు రోజులు చచ్చిపోయావు."

టైలరు కూడా ఆ మాట విన్నాడు. కాస్త మెత్తబడినట్టే కనిపించాడు. నాకూ ఒక్క క్షణం గుండెల మీద బరువు దిగినట్టయింది. ముందు గదిలోకి వెళ్లి టీచరమ్మకు చెప్పాను, గోడ మా వైపే పడిందండీ అని.

ఆమె నాకేసి తిరిగింది.

"నిన్న తెలుసా నీకు, ఎటు పడుతుందో?"

"తెలియదండీ."

"మొన్న?"

"తెలియదు."

"సరే. వెళ్లి పని చూడు."

అంతకుమించి అనలేదు. ఆమె పిల్లా అనలేదని ఇంటికి వచ్చాక గమనించాను.

తర్వాత పది రోజులు పని చూశాను. మేస్త్రీ చెప్పింది ఒక చెవిన, నాకు తెలిసింది ఇంకో చెవిన పెట్టుకుని చేశాను. ముందు నేను కొట్టిన నేలంతా గునపంతో పెళ్లగించాను. కొట్టడానికి రెండు రోజులు పట్టింది, విప్పడానికి ఆరు రోజులు. ఇంటి చూరు నీళ్లు అక్కడ పడకుండా కింద రేకు దోనె కట్టించాను. కొత్త గోడ కట్టే చోటుకు రెండు గజాల ఇవతల కాలవ తీశాను. ఈసారి వాటం మా వంటింటి వైపే. కాలవ గుమ్మం ముందు నుంచి, అడుగు పెట్టడానికి వేసే బండ కింద నుంచి, సందు వెంబడి వీధి కాలవలో కలుస్తుంది.

"రేపు ఆ నీళ్లు మన గుమ్మంలోకి వస్తే?" అంది ఆడపడుచు.

"మన గుమ్మంలోకే వస్తాయి. ఇంకెవరి గుమ్మంలోకీ రావు."

ఆమె బండకు ఒక పక్క చెయ్యి వేసింది.

కోళ్లు తిరిగే చోట అడుగున ఇటుక ముక్కలు, పడిపోయిన గోడవే, వేశాను. వాటి మీద వడ్రంగి దగ్గర తెచ్చిన చెక్క పేళ్లు మూరెడు మందాన పోశాను. దిమ్మిస మేస్త్రీకి ఇచ్చేశాను. యజమాని వచ్చి చూశాడు. టైలరు ఫిర్యాదు చేస్తే ఆ రోజే కోళ్లు వెళ్లిపోయేవి. యజమాని అడిగినప్పుడు టైలరు, "ఈ వానల్లో ఎలా ఉంటుందో చూద్దాం. తర్వాత చెప్తాను," అన్నాడు. అదీ నా ముందే అన్నాడు, నాకేసి చూడకుండా. నా మీద జాలితో కాదని నాకు తెలుసు. టీచరమ్మ చెప్పి ఉంటుంది.

కొత్త గోడ ఇంకా సగమే లేచింది. నడుము ఎత్తు ఉంది. టీచరమ్మ మంచం ముందు గదిలోనే ఉంది. మిషను చప్పుడుకు నిద్ర పట్టడం లేదని అంటోందట. మధ్యాహ్నాలు వెళ్తున్నాను. పాఠం చెప్తుంది, తప్పులు దిద్దుతుంది. ఇదివరకులా హాస్యాలు ఆడదు. నేనూ అడగను.

నిన్న పొద్దున్న మళ్లీ పెద్ద వాన పట్టింది. గోనె సంచి నెత్తిన వేసుకుని పెరట్లోకి పరుగెత్తాను. రేకు దోనె పొర్లుతోంది. కాలవలో నీళ్లు ఎర్రగా, వేగంగా వెళ్తున్నాయి. గుమ్మం ముందు బండ దగ్గర ఒక చెక్క పేడు అడ్డం పడి నీళ్లు పైకి లేస్తుంటే చేత్తో తీసేశాను. తలెత్తేసరికి సగం గోడ అవతల టైలరు గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎప్పటి నుంచి ఉన్నాడో తెలియదు. గోడ మొదలునే చూస్తున్నాడు.

"పోతున్నాయా?" అన్నాడు.

"పోతున్నాయి బాబూ."

ఆయన కదల్లేదు. నేనూ కదల్లేదు. వాన తగ్గేదాకా, అటు ఆయన, ఇటు నేను, ఆ నీళ్లు ఎటు పోతున్నాయో చూస్తూ నిలబడ్డాం.

దిమ్మిసమ్మ, అరవై మూడేళ్లు. ఉండేది టైలరు గారి పక్కిల్లు, కాలవ దాటి లోపలికి రావాలి.